డబ్బీలో చెవి

"రెండే విజిల్స్ వచ్చినాయత్తా. నేను ఈడనే ఉండాను కదా."

"మూడు. నేను చూసినా."

"విజిల్‌ని ఎవరన్నా చూస్తారా?"

"ఆవిరి చూసినా. మూడుసార్లు ఎగజిమ్మింది."

"ఆవిరొచ్చిందల్లా విజిలయితే మామ కాఫీ గ్లాసు కూడా కుక్కరే."

కందిబేడలు మాత్రం లోహిత పక్షానే ఉన్నాయి. వేలితో నొక్కితే నలగకుండా పక్కకి జారిపోతున్నాయి. వరలక్ష్మమ్మ వాటి వంక చూడకుండా కరివేపాకు దూస్తూ కూర్చుంది. కోడలి మాటల్లో సగం ఆమెకి వినబడలేదు. వినబడని సగాన్ని కోడలి ముఖంలో చదువుకుని, దానికి తగ్గట్టు మూతి బిగించుకుంది.

హాల్లోంచి ఏకాంబరం గొంతు వచ్చింది. "ఒరే భానూ, మీయమ్మకి వినబడే మిషన్ కొనిచ్చినావు. నాకు వినబడకుండా చేసే మిషన్ ఒకటి తెచ్చీరా."

"అది ఇంకా కనుక్కోలేదు నాయనా," అన్నాడు భానుచందర్, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "కనుక్కున్న రోజు తిరుపతిలో స్టాకు మిగలదు."

లోహిత కుక్కరు మళ్ళీ పొయ్యి మీదికి ఎక్కించి, అత్త చెవి దగ్గరికి వంగి గట్టిగా అంది. "ఆ మిషన్ పెట్టుకోనుంటే మనకీ గొడవ ఉండదు కదా? డబ్బీలో పడుకోబెట్టి దానికి జోల పాడతా ఉండావు."

"వంటింట్లో పెట్టుకోను."

"ఎందుకు?"

"పెట్టుకోను. అంతే."

లోహితకి అర్థం కానిది ఇదే. టీవీ ముందు కూర్చుంటే అత్త చెవిలో మిషన్ ఉంటుంది. కూరగాయల బండివాడితో బేరమాడేటప్పుడు ఉంటుంది. గోవిందరాజస్వామి గుడిలో హరికథకి పోతే ఉంటుంది. ఇంట్లో నలుగురూ ఒకచోట కూర్చుని మాట మొదలుపెట్టారంటే చాలు, మెల్లిగా తీసి, చిన్న నీలం డబ్బీలో పెట్టి, మూత టక్కున వేసి, అందరి ముఖాలూ చూస్తూ నవ్వుతూ కూర్చుంటుంది. చెన్నై దాకా పోయి కొలతలు తీయించి తెచ్చిన మిషన్. దాంతో ఊరందరి మాటలూ వింటుంది, ఇంటివాళ్ళ మాటలు తప్ప. వయసుతో వచ్చిన మొండితనం అనుకున్నారు అందరూ. పైగా ఈమధ్య చిత్తూరులో ఉన్న వాళ్ళక్క సుబ్బులమ్మ ఫోన్ చెయ్యడం మానేసినప్పటి నుంచి ఆమెకి ఏది చెప్పినా విసుగ్గానే ఉంది.

బేడలు ఉడికేలోగా దోసెలు మొదలయ్యాయి. దోసెలతోపాటు వార్తలూ మొదలయ్యాయి.

ఆ ఇంట్లో అదొక ఆచారం. భానుచందర్ ఇత్తడి సామాను కొట్టు తెరవడానికి పోయేలోగా, కూతురు జాహ్నవి బడి బస్సు వచ్చేలోగా, అందరూ టిఫిను దగ్గర చేరతారు. జాహ్నవి ఫోన్‌లోంచి సైన్సు వార్త ఒకటి చదువుతుంది. పెనం ముందు నిలబడిన లోహిత దాని మీద తీర్పు చెబుతుంది. లోహిత బీఎస్సీ ఫిజిక్సు. పై చదువు చదవాలనుకుంది, చదవలేదు. నేర్చుకున్న చదువంతా ఇప్పుడు రోజూ ఇట్లా పెనం దగ్గర ఖర్చవుతూ ఉంది. దానికి మాత్రం ఇంట్లో మంచి గిరాకీ.

"అమ్మా, చంద్రుడి మట్టితో ఇటుకలు చేస్తారంట," అంది ఆ రోజు జాహ్నవి.

"చేయనీ. మన వీధి కాలవకి మూత పడేలోపల ఆడ మిద్దె కట్టేస్తారు. అప్పుడు మనమే పైకి పోదాం."

"దోసెలు పోసే రోబో కూడా వచ్చిందంట."

"పాపం. మీ తాతకి అంచు ఎర్రగా, నడుమ మెత్తగా, ఉల్లిగడ్డ ఒక పక్కనే. మీ నాయనకి అది తిరగబడి. రెండు రోజులు పోసి మూడో రోజు పుట్టింటికి పోతాది."

ఏకాంబరం పేపరు పక్కన పెట్టి నవ్వాడు. లోహిత మాటలు ఆయన కొట్టు దగ్గర మళ్ళీ చెబుతాడు. శ్రీహరికోటలో రాకెట్టు వదిలే రోజున మిద్దె ఎక్కి తూర్పుకేసి చూస్తున్నప్పుడైతే చుట్టుపక్కల మిద్దెల మీదివాళ్ళు కూడా, రాకెట్టు కంటే ముందు లోహిత ఏమంటుందా అని ఎదురుచూస్తారు. ఆ పొగ గీత ఆకాశంలో చెరిగిపోయేదాకా ఆమె మాట నడుస్తూనే ఉంటుంది.

ఫోన్ మోగింది. భానుచందర్ తీశాడు. రెండు మాటలకే అతని ముఖం మారింది.

"ఎప్పుడన్నా?... మాట?... యాడ చేర్చినారు?"

చేసింది సుబ్బులమ్మ కొడుకు సునీల్‌కుమార్. వాళ్ళమ్మకి పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది. ప్రాణానికి భయం లేదన్నారు. మాట మాత్రం పోయింది.

భానుచందర్ తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో, గట్టి గొంతుతో చెప్పాడు. ఆమె విన్నది. వినగానే లేచి, "నేను పోవాల. ఆస్పత్రికయితే పోవచ్చు," అంది.

ఆస్పత్రికయితే అన్న మాట లోహితకి మాత్రమే పట్టింది. దాని వెనక ఉన్న సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. నిరుడు సునీల్‌కుమార్ కూతురి పెళ్ళిలో పసుపు దంచేటప్పుడు మొదటి రోకలి వరలక్ష్మమ్మ చేతికి ఇవ్వలేదు. సొంత చెల్లెల్ని పక్కనబెట్టి వియ్యపురాలి వదినెకిచ్చారు. వరలక్ష్మమ్మ పెళ్ళి పందిట్లోనే, కాణిపాకం వినాయకుడి మీద ప్రమాణం చేసి, ఇంక నీ గడప తొక్కనని అక్క ముఖం మీద చెప్పి వచ్చేసింది. ఆ తర్వాత కోపం తగ్గింది, ఫోన్లు నడిచాయి, మాటలు కలిశాయి. ప్రమాణం మాత్రం ప్రమాణమే. వేరే దేవుడైతే ఏమో గాని, ఆ పక్క ఊళ్ళలో కాణిపాకం మీద చేసిన ప్రమాణాన్ని మరిచిపోయామని ఎవరూ అనరు.

చిత్తూరులో ఆస్పత్రి మెట్ల దగ్గరే సునీల్‌కుమార్ ఎదురయ్యాడు. లోహిత పలకరించింది. అతను వరలక్ష్మమ్మ వైపు చూసి, "ఇప్పుడన్నా వచ్చినావే చిన్నమ్మా," అన్నాడు.

"అదేం మాటన్నా?" అంది లోహిత.

"ఇంకేమనేది? అమ్మ ఫోన్ చేసి, ఫలానా రోజు కాణిపాకం రా, ఇద్దరం కర్పూరం వెలిగించి ఆ ప్రమాణం తీసేసుకుందాం, ఆడ్నించి నేరుగా మా ఇంటికి పోదాం అనింది. చిన్నమ్మ ఊఁ అనింది. నేనే కార్లో తీసకపోయినా. పూలంగళ్ళ పక్కన అరుగు మీద టెంకాయ ఒళ్ళో పెట్టుకోని కూర్చునింది. పొద్దు నడినెత్తికొచ్చింది. చిన్నమ్మకి ఫోన్ చేస్తానమ్మా అంటే చెయ్యనీలా. పిలిపించుకుంటే అది ప్రమాణం తీసినట్టు కాదురా, తనకై తాను రావాల అనింది. అన్నం కూడా ముట్టలా. ఆ టెంకాయ అట్లే ఇంటికి తెచ్చుకునింది."

లోహిత అత్త వైపు తిరిగింది. వరలక్ష్మమ్మ చెవిలో మిషన్ ఉంది. బయటివాళ్ళ మధ్య ఉన్నారు కదా. ప్రతి మాటా విన్నది. మెట్టు మీద కూర్చుంది.

"నాకు తెలీదు," అంది.

"ఊఁ అన్నావంట కదత్తా?"

"అక్క ఫోన్ చేస్తే ఎప్పుడూ ఊఁ అంటానే ఉంటా. బాగుండావా అంటాది, ఊఁ. తిన్నావా అంటాది, ఊఁ. గొంతు గుయ్యిమని వస్తాది, అదే చాలు నాకు."

"మిషన్ పెట్టుకోలేదా? ఫోన్ మాటలు నేరుగా చెవిలోకే వస్తాయని చెప్పినారు కదా వాళ్ళు?"

"తీసేసినా."

"ఎందుకు తీసేసినావు?"

వరలక్ష్మమ్మ కోడలి వంక వింతగా చూసింది. తెలిసిందే మళ్ళీ అడుగుతుందేమి అన్నట్టు. "నువ్వే కదమ్మే చెప్పినావు. ఇంటి గుట్టు మాట్లాడేటప్పుడు తీసి డబ్బీలో పెట్టమని. లేకుంటే ఆ కంపెనీవాడు వింటాడని."

లోహితకి వెంటనే గుర్తు రాలేదు. కాసేపటికి గుర్తొచ్చింది.

మిషన్ కొన్న కొత్తల్లో ఒక పొద్దున జాహ్నవి చదివిన వార్త అది. కొత్త రకం చెవి మిషన్లు చుట్టూ ఉన్న శబ్దాన్ని కనిపెట్టి, ఫోన్‌తో కలిసి పనిచేస్తాయని. అంతవరకే చదివింది జాహ్నవి. పెనం మీద దోసె తిరగేస్తూ లోహిత అందుకుంది. "విన్నావా అత్తా, ఇంక మన ఇంటి గుట్టు మాట్లాడేటప్పుడు చెవి తీసి డబ్బీలో పెట్టాల. లేకుంటే కంపెనీవాడు బెంగళూరులో ఏసీ కింద కూర్చోని, మామ అప్పడాలు దొంగతనం చేసేది కూడా వింటాడు." అందరూ పడీ పడీ నవ్వారు. వరలక్ష్మమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

నవ్వింది గాని, నమ్మింది కూడా. లోహిత మాట ఆమెకి వేదం. గ్రహణం నాడు అన్నం తింటే ఏమీ కాదని కోడలు చెప్పినప్పుడు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గ్రహణంలో అన్నం తిన్నది ఆ మనిషి. చుట్టుపక్కల ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకుంటే, "మా కోడలు ఫిజిక్సు. ఆమెకి తెలుసు," అని చెప్పింది. ఆ మాట లోహిత చెవిన పడిన రోజు, ఒక డిగ్రీ పట్టా అందుకున్నంత గర్వపడింది.

ఆ చెవి మిషన్ల వార్తని లోహిత ఆ మెట్ల మీదే ఫోన్‌లో వెతికి చదివింది. చివరిదాకా. గదిలో గోల ఎక్కువైతే మిషన్ తనంతట తాను సర్దుకుంటుంది, ఆ సర్దుబాటు వివరం ఫోన్‌కి చేరుతుంది, మాటలు ఎక్కడికీ పోవు అని కింది పేరాలోనే ఉంది. తను ఏ వార్తనీ కింది పేరా దాకా చదివించలేదని లోహితకి అప్పుడు తెలిసింది. నవ్వు దొరికేదాకా వినేది. దొరకగానే, చాలు ఇంక దోసె తిను అనేది.

"కంపెనీవాడు వినడత్తా," అంది. "నేను ఊరికే నవ్వులాటకన్నా."

"వినడా?"

"వినడు."

వరలక్ష్మమ్మ కోడలి ముఖం వంక చూసి, "అయితే ఇన్నాళ్ళూ ఊరికే తీసినానా?" అంది. ఆ మాటలో కోపం లేదు. ఉంటే లోహితకి బాగుండేది. "జానూ పాటల పోటీ సంగతి చెప్తా ఉన్నింది, అప్పుడూ తీసినా. భాను కొట్టు మార్చాలని మీతో మాట్లాడతా ఉన్నాడు, తీసినా. మీ మాటలు బయటికి పోకూడదని."

వార్డులో సుబ్బులమ్మ చెల్లెల్ని చూసి ముఖం గోడ వైపు తిప్పుకుంది. పడిపోయిన పక్కకి తిరగడానికి ఆమె ఎంత కష్టపడిందో చూసినవాళ్ళకి తెలిసింది. అయినా తిప్పుకుంది.

వరలక్ష్మమ్మ మంచం అంచున కూర్చుని, "అక్కా, నాకు వినబళ్ళేదే," అంది. అక్క కదల్లేదు.

తప్పు తనది కాబట్టి తనే చెప్పాలనుకుంది లోహిత. మంచం అవతలికి పోయి, గోడకీ మంచానికీ మధ్య నిలబడి, "పెద్దత్తా, మా అత్త తప్పేమీ లేదు, నేను చెప్పేది విను," అని మొదలుపెట్టింది. ఉన్నదున్నట్టు చెప్పాలనే అనుకుంది. కానీ ఆమె నోటికి ఒక నడక అలవాటైపోయింది. కంపెనీవాడు వచ్చాడు, బెంగళూరు వచ్చింది, ఏసీ వచ్చింది, అత్త రహస్యంగా డబ్బీ మూత టక్కుమనిపించడం వచ్చింది. ముందు సునీల్‌కుమార్ భార్య లోకేశ్వరి పెదవి బిగబట్టుకుంది. పక్క మంచం దగ్గర ఫ్లాస్కు పట్టుకున్న ఆవిడ ఫక్కున నవ్వింది. నర్సు ఆగి, "అయ్యో, అవ్వ చెవి తీసి దాచిపెట్టిందా?" అంది. ఎదుటి మంచం మీది ముసలాయన వాళ్ళబ్బాయిని అడిగి చెప్పించుకుని మరీ నవ్వాడు. చివరికి సునీల్‌కుమార్ కూడా, కోపంగా ఉన్న మనిషి, తల పక్కకి తిప్పుకుని భుజాలు కదిలించాడు.

లోహిత మధ్యలో ఆగిపోయింది. వార్డులో నవ్వనివాళ్ళు ముగ్గురే. గోడకేసి కళ్ళు పెట్టిన ఒక ముసలామె, ఆమె చెయ్యి పట్టుకుని తల దించుకున్న ఇంకో ముసలామె, తను.

సుబ్బులమ్మ ఎడమ చెయ్యి ఎత్తింది. చెల్లెలి చెవి దాకా తెచ్చి, మిషన్‌ని వేలితో తాకింది. నోరు తెరిచింది. గొంతులోంచి ఏదో వచ్చింది, మాట కాదు. వరలక్ష్మమ్మ చెవి ఆమె నోటికి ఆనించి, "మళ్ళీ చెప్పక్కా," అంది. మళ్ళీ అదే వచ్చింది. మిషన్ ఫ్యాను తిరిగే చప్పుడు వినిపించింది, ఫ్లాస్కు మూత చప్పుడు వినిపించింది, రోడ్డు మీద బస్సు హారను వినిపించింది. అక్క చెప్పింది ఏమిటో అది కూడా చెప్పలేకపోయింది.

తిరుపతికి తిరిగి వస్తుంటే కార్లో వరలక్ష్మమ్మ మిషన్ తియ్యలేదు. ఆ తర్వాత ఇంట్లోనూ తియ్యలేదు. వంటింట్లో, హాల్లో, భోజనాల దగ్గర చెవిలోనే ఉండేది. ఇప్పుడామెకి అన్నీ వినబడుతున్నాయి. లోహితకే మాటలు దొరకడం లేదు. పొద్దున జాహ్నవి వార్త చదివితే, "అట్లనా" అని ఊరుకునేది. ఏకాంబరం రెండు మూడు రోజులు ఎదురుచూసి, "ఏమ్మా, సైన్సు ఏమన్నా ఆగిపోయిందా?" అన్నాడు. ఆయన మాటకి కూడా ఎవరూ నవ్వలేదు.

సుబ్బులమ్మని ఇంటికి పంపించారని సునీల్‌కుమార్ శనివారం ఫోన్ చేశాడు. డాక్టరు మాట కోసం రోజూ అభ్యాసం చేయించమన్నాడట. కొందరికి వస్తుందట, కొందరికి రాదట. ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నాడట. ఇంటికి అన్న మాట వినగానే వరలక్ష్మమ్మ చేతిలో ఉన్న చిక్కుడుకాయ విరవడం మానేసి అట్లాగే పట్టుకుంది. ఆస్పత్రికి గడప లేదు. ఇంటికి ఉంది.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం అందరూ అన్నానికి కూర్చున్నారు. వంకాయ పులుసు, చెనిక్కాయల పొడి, అప్పడాలు. జాహ్నవి అలవాటు కొద్దీ ఫోన్ తీసింది.

"అమ్మా, మాట పడిపోయినోళ్ళకి తలలో ఏదో పెడతారంట. వాళ్ళు లోపల అనుకునే మాట మిషన్ పైకి చెప్తాదంట."

అందరి చేతులూ కంచాల్లో ఆగిపోయాయి. ఏకాంబరం మాత్రం కోడలి వైపు చూశాడు. లోహిత నాలుక మీదికి ఒక మాట వచ్చింది కూడా. మనసులోది పైకి చెప్పే మిషన్ వస్తే ఈ లోకంలో ఒక్క సంసారం మిగలదు అని. మింగేసింది.

"మొత్తం చదువు జానూ," అంది. "కిందిదాకా."

జాహ్నవి చదివింది. ఎక్కడో దూరదేశంలో కొద్దిమందికే పెట్టి చూశారని, తల తెరవాల్సి ఉంటుందని, అందరికీ అందేసరికి ఇంకా చాలాకాలం పడుతుందని ఉంది. చదవడం అయిపోయాక వరలక్ష్మమ్మ అడిగింది.

"ఎప్పుడొస్తాదంట లోహితా?"

"ఇంకా ఏండ్లు పడతాదత్తా. మనదాకా వస్తాదో రాదో కూడా తెలీదు."

"నిజంగా చెప్తా ఉండావా, నవ్వులాటకా?"

"నిజంగానే."

వరలక్ష్మమ్మ తలూపింది. అన్నంలో మజ్జిగ పోసుకుని, కలపకుండానే అందరికీ వినబడేట్టు చెప్పింది.

"నేను రేపు కాణిపాకం పోతా ఉండా. ఇద్దరం కలిసి తియ్యాల్సిన ప్రమాణం ఒక్కదాన్నే తీసుకుంటా. స్వామి ఒప్పుకుంటే సరి, ఒప్పుకోకపోతే ఆ పాపం నాకే తగలనీ. ఆడ్నించి అక్కింటికి పోతా. ఆడనే ఉంటా."

"ఎన్ని రోజులమ్మా?" అన్నాడు భానుచందర్.

"ఆమెకి ఒక మాట వచ్చేదాకా."

ఏకాంబరం గొంతు సవరించుకున్నాడు. "రాకపోతే?"

"వస్తాది. సుబ్బక్కకి నా మీద ఉన్న కోపానికి ఏదో ఒకటి వస్తాది. తిట్టే రానీ. వచ్చినప్పుడు నేను దగ్గరుండాల. ఒకసారి ఊఁ అని పోగొట్టుకున్నా."

"నేనూ వస్తానత్తా," అంది లోహిత. "పొద్దునా సాయంత్రం ఆ మాటల అభ్యాసం నేను చేయిస్తా. చదువుకోని నేర్చుకుంటా. ఈసారి సరిగ్గా చదువుతా."

వరలక్ష్మమ్మ కోడలి వంక చూసింది. ఆ చూపులో ఎప్పటి ప్రేమే ఉంది. లోహిత దాన్ని తట్టుకోలేక అప్పడాల పళ్ళెం సర్దింది.

"నువ్వొద్దులే అమ్మే," అంది వరలక్ష్మమ్మ. "నువ్వుంటే నవ్వొస్తాది అందరికీ. కొన్నాళ్ళు ఆడ నవ్వు వద్దు." తర్వాత కొడుకు వైపు తిరిగి, "భానూ, ఎండెక్కకముందే కారు కావాల," అని, అన్నం కలుపుకోవడం మొదలుపెట్టింది.